చివరి మనిషి ఎక్కడ?

విశాఖ చుట్టుపక్కల కొండలెక్కేవాళ్లు ఈ నెల పంపిన ప్రశ్నల్లో ఎక్కువభాగం ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి: పక్కవాడిని ఎంతవరకు చూసుకోవాలి? అలాంటివే ఏరి జవాబులిస్తున్నాం.

ఆరుగురం స్నేహితులం వంజంగి మేఘాల కొండకు తెల్లవారుజామున బయల్దేరాం. సగం దారిలో ఒకతనికి ఆయాసం వచ్చింది. "మీరు వెళ్లండ్రా, నేను మెల్లగా వస్తా" అన్నాడు. సూర్యోదయం తప్పిపోతుందని వెళ్లిపోయాం. తిరిగొచ్చేసరికి వదిలిన చోట లేడు. గంటన్నర వెతికితే వేరే బాటలో దిగి, కింద టీ బడ్డీ దగ్గర కూర్చుని ఉన్నాడు. అప్పట్నుంచి మాతో మాట్లాడటం లేదు. వెళ్లమన్నది వాడే కదా, తప్పు మాదేనా?
– ఓ పాఠకుడు, గాజువాక

మీదే. కాకపోతే ఆ తప్పు కొండ మీద జరిగింది కాదు, పాడేరు దాటకముందే జరిగింది. ఎవరికైనా నలతగా ఉంటే ఏం చేయాలో బయల్దేరే ముందు మాట్లాడుకుని ఉంటే, చీకట్లో, చలిలో, సూర్యోదయం తరుముతుండగా ఆ నిర్ణయం తీసుకోవాల్సిన అవసరం వచ్చేది కాదు.

అలసిన మనిషి "వెళ్లండి" అన్నాడంటే అది అనుమతి అనుకోకండి, మొహమాటం అనుకోండి. అందరి సరదా తన వల్ల పాడవుతుందని అలా అంటాడు. ఒంట్లో నీరు తగ్గినవాడు, చక్కెర పడిపోయినవాడు, గుండెలో బరువుగా ఉన్నవాడు కూడా సరిగ్గా ఆ మాటే అంటారు. అందుకే "బాగానే ఉన్నావా?" అని అడిగితే లాభం లేదు, జవాబు ఎప్పుడూ "బాగానే ఉన్నా" అనే వస్తుంది. జవాబు చెప్పక తప్పని ప్రశ్నలు అడగాలి. పొద్దున్నుంచి ఎన్ని నీళ్లు తాగావు, సీసా చూపించు. ఆఖరిసారి మూత్రానికి ఎప్పుడు వెళ్లావు, ఏ రంగులో ఉంది? ముందు కాలి మడమకు వెనక కాలి వేళ్లు ఆనించి తిన్నగా పది అడుగులు వెయ్యి. వాగుడుకాయ మౌనంగా మారినా, నెమ్మదస్తుడు చిరాకు పడుతున్నా, చిన్న రాళ్లకే కాలు తట్టుకుంటున్నా అక్కడే ఆగాలి. ఆయాసం అయితే పది నిమిషాలు కూర్చోబెట్టండి. కూర్చున్నా తగ్గకపోయినా, ఛాతీలోగానీ దవడలోగానీ ఎడమ చేతిలోగానీ నొప్పి ఉన్నా ఆ రోజు శిఖరం ఎవరికీ లేదు. అతన్ని నడిపించకండి, 108కు ఫోన్ చేయండి.

మామూలు అలసటే అయితే మీ ఆరుగురూ రెండు జట్లుగా చీలవచ్చు. ఒంటరిగా మాత్రం ఎవరూ మిగలకూడదు. అతనితో ఒకరు ఉండి దిగాలి, నలుగురు పైకి వెళ్లవచ్చు. దిగేవాళ్ల దగ్గర నీళ్లు, టార్చి, ఛార్జింగ్ ఉన్న ఫోన్ ఉండాలి. ఎక్కడ, ఎన్ని గంటలకు కలుస్తారో ఇద్దరి నోటా అనిపించుకోవాలి. జట్టులో ముగ్గురే ఉంటే చీలిక మాట వద్దు, ముగ్గురూ దిగడమే.

ఇక నడక వరస. చాలా జట్లలో వేగంగా నడిచేవాడు ముందుంటాడు, ఓపిక లేనివాడు చివర ఈడ్చుకుంటూ వస్తాడు. ఇది తలకిందులు కావాలి. దారి తెలిసినవాడు ముందు, అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి అతని వెనకే రెండో స్థానంలో, అనుభవం ఉన్నవాడు చివర. మందుల సంచి, అదనపు టార్చి ఆ చివరి మనిషి దగ్గరే ఉండాలి, ఎందుకంటే దెబ్బ తగిలినవాడు ఎప్పుడూ వెనకే ఉంటాడు. చివరి మనిషిని దాటి ఎవరూ వెనక మిగలకూడదు. మూత్రానికి చెట్టు చాటుకు వెళ్లినా అతనికి చెప్పే వెళ్లాలి. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైందని లెక్క.

ఎవరూ గమనించని తప్పు మరొకటుంది. ముందువాళ్లు ఓ బండ మీద కూర్చుని పది నిమిషాలు సేదదీరతారు. చివరివాడు రొప్పుతూ వచ్చి చేరగానే "పదండి" అని లేస్తారు. బలం ఉన్నవాడికి పది నిమిషాల విశ్రాంతి, లేనివాడికి సున్నా! నాలుగుసార్లు ఇలా జరిగితే ఎవరైనా కూలబడతారు. విశ్రాంతి సమయం చివరి మనిషి కూర్చున్న క్షణం నుంచి లెక్కపెట్టాలి. దారి చీలిన ప్రతిచోటా ముందువాళ్లు ఆగాలి, అందరూ వచ్చాకే కదలాలి. మీ స్నేహితుడు వేరే బాట పట్టింది బహుశా అలాంటి చీలిక దగ్గరే. ఆగిన ప్రతిసారీ ఒకటి, రెండు, మూడు అని ఎవరి అంకె వాళ్లు గట్టిగా చెప్పుకుంటే అర నిమిషంలో లెక్క తేలుతుంది.

సమయం లెక్క కూడా ముందే వేసుకోవాలి. 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తోంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. 4 కిలోమీటర్ల దూరం, 300 మీటర్ల ఎత్తు ఉంటే 48 నిమిషాలూ, 30 నిమిషాలూ కలిపి 78. కొత్తవాళ్లున్న జట్టుకు దీన్ని ఒకటిన్నర రెట్లు చేయండి, దాదాపు రెండు గంటలు. మధ్యలో ఆగేది కూడా కలుపుకుంటే, సూర్యోదయం ఆరున్నరకు చూడాలంటే నాలుగున్నరకు కాదు, నాలుగింటికే అడుగు వేయాలి. మీ హడావిడి అంతా ఆ పోయిన అరగంట వల్ల వచ్చిందే.

పోయి క్షమాపణ అడగండి. "వెళ్లమన్నావు కదా" అన్న మాట మాత్రం తేకండి.

ఆషాఢ పౌర్ణమికి మా అత్తగారు సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానంటున్నారు. వయసు 63, షుగరు ఉంది. తోడు నేను వెళ్తున్నాను. కొండ ఎక్కేది లేదు కదా, జాగ్రత్తలు అవసరమా?
– ఓ పాఠకురాలు, సీతమ్మధార

ఎక్కేది లేకపోయినా 32 కిలోమీటర్లు. గంటకు మూడున్నర కిలోమీటర్ల చొప్పున నడక ఒక్కటే తొమ్మిది గంటలు దాటుతుంది, ఆగేవన్నీ కలిపితే పన్నెండు. ఆమె రోజూ ఎంత నడుస్తారో చూడండి. నెల ముందు నుంచి పెంచుకుంటూ ఏకబిగిన 12 కిలోమీటర్లు నడవగలిగితే ఆలోచించవచ్చు.

షుగరు ఉన్నవాళ్లకు పాదాల స్పర్శ తగ్గి ఉండవచ్చు. వట్టి కాళ్లతో నడుస్తూ గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. దేవుడి మొక్కు కాబట్టి చెప్పులు వేసుకోమని ఒప్పించలేకపోతే కనీసం మందపాటి నూలు మేజోళ్లు వేయించండి. గంటకోసారి కూర్చోబెట్టి టార్చి వెలుగులో అరికాళ్లు మీరే చూడండి, ఆమెను అడిగి ఊరుకోకండి. ఎర్రగా కమిలిన చోట వెంటనే ప్లాస్టరు అంటించాలి. బొబ్బ లేస్తే చిదమకూడదు.

మాత్రలు వేసుకుని, తినకుండా ఉపవాసంతో నడవడం అన్నిటికంటే ప్రమాదం. మాత్రల మోతాదు మార్చాలా అన్నది ముందే డాక్టరును అడగండి. చెమటలు, వణుకు, అర్థం లేని మాటలు కనిపిస్తే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి పదిహేను నిమిషాలు చూడండి. తగ్గకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108.

ఆ రాత్రి జనంలో ఫోన్లు కలవవు. తొలిపావంచా, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం ఇలా వరసగా కలిసే చోట్లు అనుకోండి. తప్పిపోతే వెనక్కి వెతకొద్దు, ముందున్న చోటుకు వెళ్లి ఆగాలి. పేరు, మీ ఫోన్ నంబరు, షుగరు ఉందన్న మాట రాసిన కాగితం ఆమె దగ్గర చిన్న ప్లాస్టిక్ సంచిలో ఉంచండి.

ఏప్రిల్‌లో మాధవధార మెట్ల దారిన సింహాచలం కొండ ఎక్కుతుంటే నా స్నేహితుడు వాంతి చేసుకుని పడిపోయాడు. నీళ్లు పోద్దామంటే "వేడి ఒంటి మీద చన్నీళ్లు పోస్తే ప్రాణం పోతుంది" అని ఒకాయన ఆపేశారు. ఏది నిజం?
– ఓ విద్యార్థి, మద్దిలపాలెం

నీళ్లు పోయడమే సరైనది. ఆ పెద్దాయన మాట చాలా ఇళ్లలో ఉన్నదే, కానీ వడదెబ్బలో ప్రాణం తీసేది చన్నీళ్లు కాదు, ఆలస్యం.

ముందు ఎండకు సొమ్మసిల్లడానికీ, వడదెబ్బకూ తేడా తెలియాలి. తలనొప్పి, వికారం, విపరీతమైన చెమట, నీరసం ఉన్నా మాట తెలివిగానే ఉంటే అది ఎండకు సొమ్మసిల్లడం. నీడలో పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టి, ఓఆర్ఎస్ గుక్కలుగా తాగిస్తే అరగంటలో తేరుకోవాలి. మాట తడబడినా, ఎక్కడున్నాడో తెలియకపోయినా, మూర్ఛ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. చర్మం పొడిగానే ఉండాలని లేదు. నడుస్తూ పడిపోయినవాడు తడిసి ముద్దయి కూడా ఉండవచ్చు. మన ఊళ్లో చాలామంది పొరబడేది ఇక్కడే, "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అని.

వడదెబ్బకు ముందు చల్లబరచడం, తర్వాతే మోసుకెళ్లడం. ఒకరు 108కు ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్లు షూ, చొక్కా విప్పి, జట్టులో ఉన్న నీళ్లన్నీ తల నుంచి పాదాల దాకా పోస్తూ తువ్వాళ్లతో, అట్టలతో ఆపకుండా విసరాలి. తడిగుడ్డలు మెడ మీద, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. గాలి తగలకుండా చుట్టూ మూగకండి. స్పృహ సరిగా లేనివాడికి ఏమీ తాగించకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పారాసిటమాల్ ఈ వేడి మీద పనిచేయదు.

విశాఖలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలే అని ధీమా పడకండి. సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. మార్చి నుంచి జూన్ దాకా ఉదయం తొమ్మిదికల్లా దిగిపోయేలా బయల్దేరండి. ఎండలో గంటకు ముప్పావు లీటరు చొప్పున లెక్క వేసుకుని, తలా ఒక సీసా అదనంగా పెట్టుకోండి. వట్టి నీళ్లే లీటర్లకొద్దీ పట్టిస్తే రక్తంలో ఉప్పు పలచబడి అదీ ప్రమాదమే. మధ్యమధ్య ఓఆర్ఎస్ తాగాలి, ఉప్పు వేరుశనగలు తినాలి. 20.5 గ్రాముల ఓఆర్ఎస్ ప్యాకెట్ సరిగ్గా ఒక లీటరుకు. దాన్ని అరలీటరు సీసాలో కలిపి "చిక్కగా ఉంటే మంచిది" అనుకునేవాళ్లు చాలామంది, అలా తాగితే దాహం పెరుగుతుంది, విరేచనాలు కూడా కావచ్చు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు తలగొట్టిన టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు.

కంబాలకొండ బాటలో పాము కనిపించింది, కాటు వేయలేదు. వేస్తే తోటివాళ్లు ఏం చేయాలి? పైన తాడు కట్టాలా?
– ఓ పాఠకుడు, పెందుర్తి

తాడు వద్దు. కోయడం, పీల్చడం, నిప్పుతో కాల్చడం, పసరు పూయడం ఏవీ వద్దు. బిగించి కట్టిన తాడు వల్ల కాలు కుళ్లి తీసేయాల్సి వచ్చే ప్రమాదం ఉంది. ఒక్కసారిగా విప్పితే విషం ఒకేసారి పాకుతుంది.

మొదట అందరూ పాముకు దూరంగా జరగండి. కాటు పడినవాడిని కదలనివ్వకండి. ఉంగరం, గడియారం, పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. విరిగిన ఎముకకు కట్టినట్టు ఆ కాలికో చేతికో రెండు కర్రలు పెట్టి, కండువాతో వదులుగా, వేలు దూరేలా కట్టండి. కాటు పడిన సమయం పెన్నుతో చర్మం మీదే రాయండి, వాపు అంచు కూడా గీత గీయండి. తర్వాత మోయడమే. ఒక్క అడుగు కూడా అతనితో వేయించకూడదు, కండరం కదిలినకొద్దీ విషం పైకి పాకుతుంది. ఇద్దరు చేతులు ముడివేసి కుర్చీలా చేసి, ఐదు నిమిషాలకోసారి మారుతూ మోయండి. ఇద్దరే ఉన్న జట్టుకు ఇది ఎంత కష్టమో ఊహించండి, నలుగురికి తక్కువ కాకుండా వెళ్లమనేది ఇందుకే.

కట్లపాము కాటుకు నొప్పి, వాపు లేకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. "ఏమీ కాలేదు" అని ఇంటికి పంపేయకండి, ఒక రోజంతా ఆసుపత్రిలో గమనించాల్సిందే. మనకు దొరికే విషపు విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, పొలుసులు రాపాడించి చప్పుడు చేసే చిన్న పింజర, ఈ నాలుగింటికే. తూర్పు కనుమల్లో ఉండే గిరినాగుకు (కింగ్ కోబ్రా) అది పనిచేయదు, ఊపిరి ఆడేలా యంత్రం పెట్టగలిగే ఆసుపత్రే దిక్కు. పామును చంపి తేవక్కర్లేదు, దూరం నుంచి ఫొటో దొరికితే చాలు, దానికోసం మాత్రం వెంటపడకండి. అరకు, పాడేరు వైపు ఉంటే విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దాకా పరుగెత్తకుండా, విరుగుడు మందు ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఏదో 108లో అడిగి అక్కడ మొదటి మోతాదు వేయించండి.

వానాకాలంలో కటికి జలపాతం వైపు వెళ్తే తిరుగుదారిలో గెడ్డ (కొండవాగు) పొంగింది. మా జట్టు పెద్ద తాడు నడుముకు కట్టుకుని దాటమన్నారు. నేను ఒప్పుకోలేదు. పిరికిదాన్నని నవ్వారు.
– ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

నవ్వినవాళ్లకు ఒక మాట చెప్పండి. నడుముకు కట్టిన తాడు బిగిస్తే మనిషిని ప్రవాహం నీటి అడుగుకు తొక్కుతుంది, పైనున్నవాళ్లు లాగినకొద్దీ ఇంకా మునుగుతాడు. మోకాలు దాటిన వడి నీటిలోకి దిగకూడదు. కొండగెడ్డ ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగా తీస్తుంది, పైన వాన ఆగితే కొన్ని గంటల్లో మట్టం తగ్గుతుంది. బిస్కెట్లు తింటూ గట్టున కూర్చోవడమే అక్కడ చేయాల్సిన పని.

తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు మారినా పైన వాన పడిందని అర్థం. మీ మీద చినుకు లేకపోయినా వెంటనే గట్టెక్కాలి. మోకాలి లోపు నీటిలో దాటాల్సివస్తే షూ విప్పొద్దు, సంచి బెల్టు విప్పేయండి. ముగ్గురు భుజాలు పట్టుకుని, బలమైనవాడు నీటికి ఎదురుగా, ఒకసారి ఒకరే అడుగు కదుపుతూ వెళ్లాలి.

మీరు కాదన్నది మంచి పని. జట్టులో ఏ ఒక్కరు వద్దన్నా ఆగాలన్న షరతు ముందే పెట్టుకుంటే ఈ నవ్వులాట ఉండదు.

సిగ్నల్ లేనిచోట ఒకరినొకరు ఎలా పిలుచుకోవాలి?
– ఓ పాఠకుడు, మధురవాడ

తలా ఒక ప్లాస్టిక్ ఈల, సంచిలో కాదు, మెడలో. ఒక ఊత అంటే ఆగు, రెండు అంటే నా దగ్గరకు రా. ప్రమాదమైతే నిమిషంలో ఆరు ఊతలు, ఒక నిమిషం ఆపి మళ్లీ ఆరు. విన్నవాళ్లు నిమిషంలో మూడు ఊది జవాబివ్వాలి. రాత్రి టార్చితోనూ ఇదే లెక్క. అరుపు గంటలో గొంతు పోగొడుతుంది, ఈల పోగొట్టదు.

మీ సిమ్‌కు గీతలు లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112 కలవవచ్చు, ప్రయత్నించండి. ఒక ఫోన్ ఎప్పుడూ స్విచాఫ్‌లో ఉండేలా వంతు వేసుకోండి. కొండ మీద తప్పిపోయినవాడు చేయాల్సింది ఒకటే: కదలకుండా కూర్చుని ఈల ఊదడం.

డబ్బు కట్టి ట్రెకింగ్ సంస్థతో వెళ్తున్నాం. ఇక బాధ్యత వాళ్లదే కదా?
– ఓ పాఠకుడు, అక్కయ్యపాలెం

అందరూ పల్లకి ఎక్కితే మోసేదెవరు? ముప్పై మందికి ఒక్క గైడు ఉంటే అతను ముందు ఉంటాడో, వెనక ఉంటాడో అడగండి. రెండుచోట్లా ఉండలేడు. చివర నడిచే మనిషి ఎవరు, మందుల సంచి ఎవరి దగ్గర, ఎన్ని గంటలకు శిఖరం చేరకపోయినా వెనక్కి తిప్పుతారు? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. డిసెంబరులో ఇక్కడ ఐదున్నరకే పొద్దు వాలుతుంది, లోయలో అంతకు అరగంట ముందే చీకటి. "వెలుగు ఉన్నంతసేపు" అన్నది జవాబు కాదు. కట్టాక కూడా మీ పక్కనున్న ఒక్క మనిషిని మీరు జతగా ఎంచుకోండి, అతను ఎక్కడున్నాడో ఎప్పుడూ మీకు తెలియాలి.

మా అమ్మాయి స్నేహితులతో అనంతగిరి వెళ్తోంది. ఇంట్లో ఉండే నేను ఏం అడిగి పెట్టుకోవాలి?
– ఓ తల్లి, కంచరపాలెం

ఒక కాగితం. అందరి పేర్లు, ఇద్దరి ఫోన్ నంబర్లు, బండి నంబరు, ఏ ఊరి నుంచి ఏ బాటలో ఎక్కుతారు, ఎన్ని గంటలకు దిగుతారు, ఎవరికి ఏ మందు పడదు. చివరగా, "ఇన్ని గంటల్లోపు ఫోన్ రాకపోతే 112కు చెప్పు" అన్న గడువు. దిగే సమయానికి రెండు గంటలు కలిపి ఆ గడువు పెట్టించండి. దిగాక ఫోన్ చేయడం మరిచిపోతే కేకలేయండి, వెతకడానికి బయల్దేరేవాళ్లూ మనుషులే.

ఘాట్ రోడ్డు మీద అలసిపోయి బండి నడిపేది ఎవరో కూడా అడగండి. రాత్రంతా నిద్రలేనివాడు స్టీరింగ్ పట్టకూడదు, పక్కన కూర్చునేవాడు నిద్రపోకూడదు.

ఏజెన్సీ కొండల నుంచి వచ్చిన పదోరోజు నాకు చలిజ్వరం వచ్చింది. ట్రెక్‌కూ దీనికీ సంబంధం ఉంటుందా?
– ఓ పాఠకుడు, మర్రిపాలెం

ఉండవచ్చు. మలేరియా వారం నుంచి నెల లోపు బయటపడవచ్చు. పొదల్లోని చిన్న పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌కు కూడా ఇంచుమించు పది రోజులు పడుతుంది. చంకల్లో, నడుము దగ్గర, గజ్జల్లో సిగరెట్‌తో కాల్చినట్టున్న నల్లటి పెచ్చు ఉందేమో వెతికి చూపించండి. అది నొప్పి పుట్టదు, వెతకకపోతే మనకు కనపడదు. "ఫలానా తేదీన ఏజెన్సీ కొండల్లో తిరిగాను" అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పి, మలేరియా పరీక్ష అడగండి. ఆ వెంటనే మీతో వచ్చినవాళ్లందరికీ ఫోన్ చేయండి. వాళ్లలో ఒకరు ఇప్పటికే మూడురోజులుగా మెడికల్ షాపు మాత్రలతో జ్వరం నెట్టుకొస్తూ ఉండవచ్చు.